చక్కెర వ్యాధియు దంత సంరక్షణయు

మధుమేహము, లేక చక్కెర వ్యాధి, అను పేరు నేడు మన యిండ్లలో వినబడని దినము లేదు. పూర్వమిది పట్టణవాసులకును ధనవంతులకును మాత్రమే వచ్చునని తలచెడివారు. ఇప్పుడు పొలము దున్నువారికిని, రాళ్లు కొట్టువారికిని, ఇంటిపట్టున నుండు అవ్వలకును వచ్చుచున్నది. భారత వైద్య పరిశోధన మండలివారి ప్రోత్సాహమున జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము మన దేశమున పది కోట్ల మందికి, అనగా పెద్దవారిలో నూటికి 11.4 మందికి, ఈ వ్యాధి కలదు. ఇంకను పదమూడు కోట్లకు మించినవారు దాని వాకిట నిలిచియున్నారు.

ఈ వ్యాధి కన్నులను, మూత్రపిండములను, పాదములను, గుండెను చెఱచునని చాలమంది యెఱుగుదురు. నోటిని చెఱచునని యెఱిగినవారు కొద్దిమంది. అంతకంటె తక్కువమంది యెఱిగిన సంగతి మఱియొకటి కలదు. చెడిన నోరు తిరిగి రక్తములోని చక్కెరను పెంచును. ఈ రాకపోకల దారిని విద్యార్థులకు బోధపఱచి, వారిచేత ఇంటిలోని పెద్దలకు చెప్పించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. దంతమును నిలుపునది యేది?

మన శరీరమున మిక్కిలి గట్టియైన పదార్థము దంతముపై నుండు పింగాణి పొర. ఎముకకంటెను అది గట్టిది. అయినను దంతము తన గట్టిదనముచేత నిలుచుట లేదు. దాని వేరు దవడ యెముకలో దిగియుండును. వేరునకును ఎముకకును నడుమ సన్నని నారలు అనేకములు పెనవేసికొని దానిని పట్టియుంచును. వీని నన్నిటిని చిగురు కప్పి కాపాడును.

మన ఓర్వకల్లు గుట్టలలోని రాతిగుండ్లను మీరందఱును చూచినవారే. రాయి యెంత గట్టిదైనను దాని క్రింది ఆధారము అరిగిపోయినచో ఒక దినమున దొర్లక మానదు. దంతము సంగతియు నట్టిదే. పుచ్చిన పన్ను ఊడుట మనము చూచుచుందుము. పుచ్చులేని తెల్లని పన్ను సహితము ఊడిపోవుచుండుట చూచి ఆశ్చర్యపడుదుము. అక్కడ చెడినది పన్ను కాదు, దానిని పట్టియున్న చిగురును ఎముకయును.

చిగురు చెడుటకు మూలము పాచి. ప్రతివాని నోటను కంటికి కానరాని సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలిగా నుండును. అవి దంతముమీద, చిగురు అంచువెంబడి, బంకవంటి పొరగా పేరుకొనును. ఆ పొరను ప్రతిదినము తోమి తీయనియెడల లాలాజలములోని సున్నపు లవణములు దానిలో చేరి, కొలది దినములలో గట్టిపడి గారయగును. పాచి బ్రష్షుతో పోవును గాని గార పోదు.

పాచి నిలిచిన చోట చిగురు ఎఱ్ఱబడి, ఉబ్బి, తాకిన మాత్రమున రక్తము కార్చును. ఇది మొదటి దశ. 1965లో డెన్మార్కు దేశమున హెరాల్డ్ లో అను దంతవైద్య పండితుడును ఆయన సహచరులును ఒక పరీక్ష చేసిరి. ఆరోగ్యవంతులైన పన్నెండుగురు, వారిలో పెక్కుమంది విద్యార్థులే, పళ్లు తోముట మానివేసిరి. పది మొదలు ఇరువదియొక్క దినములలోపల అందఱి చిగుళ్లును వాచెను. తిరిగి తోముట మొదలిడగా సుమారు ఒక వారములో ఆ వాపు తగ్గెను. మొదటి దశలో మన చేతిలోనే మందు కలదని యీ పరీక్ష తెలుపుచున్నది.

అశ్రద్ధ చేసినచో రెండవ దశ వచ్చును. చిగురు దంతమును విడిచి సంచివలె నగును. ఆ సంచిలో సూక్ష్మజీవులు చేరును. నారలు తెగును, ఎముక కరగును, చీము పుట్టును, నోరు దుర్వాసన కొట్టును, పన్ను కదలును. దీనినే జనులు పయోరియా యందురు. కరగిన ఎముక మరల తనంతట తాను పెరుగదు. ఇందులో మోసకరమైన సంగతి యేమనగా, ఈ వ్యాధి చాలవఱకు నొప్పి లేకయే సాగును. పుచ్చుపన్ను రాత్రి నిదుర లేకుండ చేసి వైద్యునియొద్దకు పంపును. చిగురు వ్యాధి కేక వేయదు. రక్తపు చుక్క యొక్కటే దాని హెచ్చరిక.

2. చక్కెర నోటిని చెఱచు విధము

సుశ్రుతుడు మొదలగు మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని ఎఱిగి, మూత్రమునందలి తీపినిబట్టి మధుమేహమని పేరిడిరి. ఆ తీపికి చక్కెరయే కారణమని 1776లో ఇంగ్లండు వైద్యుడగు మాథ్యూ డాబ్సన్ చూపెను. మనము తిను అన్నము, రొట్టె, సంగటి జీర్ణమై చక్కెరగా మాఱి రక్తమున కలియును. దానిని కణములలోనికి పంపుటకు క్లోమము పుట్టించు ఇన్సులిన్ అను రసము తాళపుచెవివంటిది. ఆ తాళపుచెవి లేకున్నను, సరిగా తిరుగకున్నను, చక్కెర రక్తములోనే నిలిచిపోవును. 1921లో కెనడాదేశపు టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేఱు చేసిరి. 1922 జనవరిలో దానిని మొదట పొందిన లియొనార్డ్ థాంప్సన్ పదునాలుగేండ్ల బాలుడు. కావున ఇది ముసలివారి వ్యాధి మాత్రమేయని విద్యార్థులు తలపరాదు.

రక్తమున చక్కెర అధికముగా నిలిచినప్పుడు నోటికి కలుగు హాని నాలుగు విధములు.

మొదటిది, నోరు ఎండుట. మూత్రము హెచ్చి శరీరపు నీరు తగ్గును, లాలాజలమును తగ్గును. లాలాజలము నోటిని కడుగును, ఆమ్లమును విఱుచును, పింగాణిపొర పోగొట్టుకొనిన లవణములను తిరిగి యిచ్చును. అది తగ్గినచోట దంతములు త్వరగా పుచ్చును. రక్తపోటునకు వాడు కొన్ని మందులు సహితము నోటిని ఎండజేయును.

రెండవది, బలము తగ్గుట. రక్తములోని తెల్లకణములు మన శరీరపు కావలివాండ్రు. చక్కెర మిక్కుటమైనప్పుడు వారి చుఱుకుదనము తగ్గును. ఒక సామాన్యునకు చిగురు వాపుతో తీరిపోవు పాచి, చక్కెర అదుపులేని వానికి ఎముక కరగువఱకు పోవుట ఇందువలననే. చక్కెర వ్యాధి గలవారికి తీవ్రమైన చిగురు వ్యాధి రెండు మూడు రెట్లు అధికముగా వచ్చునని వైద్యులు కనుగొనిరి.

మూడవది, మానుట ఆలస్యమగుట. సన్నని రక్తనాళములు మందమై చిగుళ్లకు రక్తము చాలినంత అందదు. చిన్న పుండు పలుదినములుండును. పన్ను తీయించిన గుంట త్వరగా పూడదు.

నాలుగవది, బూజు పట్టుట. లాలాజలములో సహితము చక్కెర చేరుటచేత, కాండిడా అను బూజుజాతి నాలుకమీదను, బుగ్గల లోపలను, కట్టుడు పళ్లక్రిందను తెల్లని పూతగా నెఱ్ఱని మంటగా పెరుగును. నోరు మండును, రుచి మాఱును.

ఈ నాలుగింటికిని మూలము చక్కెర అదుపు తప్పుట. అదుపులో నుంచుకొనువారి చిగుళ్లు తక్కినవారి చిగుళ్లవలెనే యుండగలవు. ఈ మాట ధైర్యము కొఱకు చెప్పినది కాదు, నిజము.

3. నోరు చక్కెరను పెంచు విధము

1993లో పైని చెప్పిన హెరాల్డ్ లో పండితుడే చిగురు వ్యాధిని చక్కెర వ్యాధివలన కలుగు ఆఱవ ఉపద్రవముగా లెక్కింపవలెనని వ్రాసెను. అప్పటినుండి వైద్యులు తిరుగుదారిని గూడ పరిశీలించిరి. చీముపట్టిన చిగుళ్ల వైశాల్యమంతయు ఒకచోట పఱచినచో అరచేయంత పుండు కాగలదు. అట్టి పుండు కాలిమీద నున్నయెడల ఒక దినమైనను ఊరకుందుమా? నోటిలో దాగియున్నది గనుక ఏండ్లతరబడి ఊరకుందుము. ఆ పుండునుండి సూక్ష్మజీవులును వాపు పుట్టించు పదార్థములును రక్తమున కలిసి శరీరమంతటను తిరుగును. వానివలన ఇన్సులిన్ పనికి ఆటంకము కలుగును. తాళపుచెవి యున్నను తాళము తుప్పుపట్టినట్లగును.

గార తీయించి చిగుళ్లకు చికిత్స చేయించినచో ఏమగును? గడచిన మూడు నెలల చక్కెర సగటును తెలుపు రక్తపరీక్ష యొకటి కలదు. దానిని హెచ్‌బిఏవన్‌సి యందురు. అది నూటికి 6.5 లేక అంతకు మించినచో చక్కెర వ్యాధియని నిర్ణయింతురు. 2022లో కాక్రేన్ అను వైద్యసంస్థవారు ముప్పదికి మించిన పరీక్షల ఫలితములను కలిపి చూచి, చిగుళ్ల చికిత్స పొందినవారికి మూడు నాలుగు నెలలలో ఈ అంకె సగటున 0.43 తగ్గెనని తెలిపిరి. సంఖ్య చిన్నది. దీనినిబట్టి చక్కెర మందులు మానవచ్చునని ఎవరును తలపరాదు. కాని మందుకు తోడుగా నోటి శుభ్రత పనిచేయుచున్నదనుట స్పష్టము.

మన ప్రాంతమున ఈ దారికి మఱియొక మలుపు కలదు. మన పెద్దల ఆహారము జొన్నరొట్టె, కొఱ్ఱ అన్నము, రాగిసంగటి, ఆకుకూరలు, వేరుసెనగలు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చి పేదల ఆకలి తీర్చెను. అది మేలే. అయినను అప్పటినుండి పెక్కు ఇండ్లలో వరియన్నము ముఖ్యమై, జొన్న కొఱ్ఱలు వెనుకబడెను. ఇప్పుడు చక్కెర వ్యాధి వచ్చినవారికి వైద్యులు రొట్టెలను కూరలను పప్పులను తినుడని చెప్పుచున్నారు. కాని పళ్లు కదలిన తాత జొన్నరొట్టెను ఎట్లు నమలును? వేరుసెనగ గింజ యెట్లు కొఱుకును? ఆయన మెత్తని అన్నమును, గంజిని, టీలో ముంచిన బన్నును, బిస్కత్తును తినును. అవి త్వరగా చక్కెరగా మాఱును. చక్కెర పెరుగును, చిగుళ్లు మఱింత చెడును, మఱి రెండు పళ్లు కదలును. ఈ గానుగ తిరుగుడును ఎక్కడనో ఒకచోట ఆపవలెను. ఆపుటకు సులభమైన చోటు నోరే.

జొన్నరొట్టెయు పిండిపదార్థమేయనియు, దానినైనను మితముగానే తినవలెననియు ఇక్కడ మఱువరాదు.

4. మన అలవాట్లు, అపోహలు

వేపపుల్ల: మంచి వేపపుల్లను కుంచెవలె నమిలి మెల్లగా తోమిన ముందరి పళ్లు శుభ్రపడును. వెనుకటి దవడపళ్ల లోపలివైపునకు అది అందదు. గట్టిగా రుద్దిన చిగురు గీసికొనిపోవును. వేపపుల్లను విడువలేనివారు దానితోపాటు మెత్తని బ్రష్షును కూడ వాడవలెను.

బొగ్గు, ఇటుకపొడి, ఇసుక, గరుకు ఉప్పు: ఇవి పాచితోపాటు పింగాణిని కూడ అరగదీయును. అరగిన పింగాణి తిరిగి రాదు.

పొగాకు: చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, చిగుళ్లకు రుద్దు నశ్యము, ఇవన్నియు చిగురు వ్యాధిని పెంచును, నోటి పుండ్లకును క్యాన్సరునకును దారితీయును. పొగ త్రాగువాని చిగుళ్లలో రక్తనాళములు ముడుచుకొనుటచే రక్తము కారకపోవచ్చును. అది ఆరోగ్యలక్షణము కాదు, హెచ్చరిక గంట మూగపోవుట.

"రక్తము వచ్చుచున్నది, తోముట మానవలెను": ఇది మిక్కిలి వ్యాపించిన పొరపాటు. తోముటచేత రక్తము వచ్చుట లేదు, పాచి నిలుచుటచేత వచ్చుచున్నది. మెత్తని బ్రష్షుతో ఆ చోటనే మఱింత శ్రద్ధగా తోమవలెను. రెండు వారములైనను నిలువనియెడల దంతవైద్యునకు చూపవలెను.

"గార తీయించిన పళ్లు కదలును": గార తీయకముందే ఎముక కరగి పళ్లు వదులైయుండును. గార వానిని అతికినట్లు కప్పియుంచును. అది పోగానే ఉన్న స్థితి బయటపడును. వాపు తగ్గుటచే సందులును కనబడును. గార తీయించుట కారణము కాదు.

"చక్కెర యున్నవారు పన్ను తీయించుకొనరాదు": చక్కెర అదుపులో నున్నచో తీయించుకొనవచ్చును. చీముపట్టిన పన్నును భయముచేత ఉంచుకొనుటయే యెక్కువ హాని. ఉదయము భోజనము చేసి, ఎప్పటివలె మందు వేసికొని, పరీక్ష కాగితములతో పోయి, తమ వ్యాధిని వాడు మందులను వైద్యునకు ముందుగా చెప్పవలెను.

పసుపు మచ్చలు: పళ్లమీది మచ్చలన్నియు పాచి కావు. మెట్టప్రాంతములలో కొన్నిచోట్ల బావినీటిలో ఫ్లోరైడు అధికము. నెల్లూరు జిల్లాలో దీనివలన కలిగిన యెముకల వ్యాధిని 1937లోనే వైద్యులు వర్ణించిరి. చిన్ననాట అట్టి నీరు త్రాగినవారి పళ్లకు గోధుమరంగు మచ్చలు నిలుచును. వానిని తోమి పోగొట్టవలెనని చిగుళ్లను చీల్చుకొనరాదు.

5. ఆచరింపవలసిన నియమములు

(1) ఉదయము ఒకమాఱు, రాత్రి పరుండబోవుటకు ముందు ఒకమాఱు, రెండేసి నిమిషములు తోమవలెను. రెండింటిలో రాత్రిదే ముఖ్యము, ఏలయనగా నిదురలో లాలాజలము తగ్గును.

(2) మెత్తని బ్రష్షును చిగురు అంచునకు ఏటవాలుగా నానించి చిన్నచిన్న సున్నలు చుట్టునట్లు తిప్పవలెను. ఱంపము లాగినట్లు అడ్డముగా లాగరాదు. ఫ్లోరైడు గల పేస్టు వాడవలెను. మూడు నెలలకొకమాఱు, లేక కుంచె విచ్చుకొనగానే, బ్రష్షు మార్చవలెను.

(3) పళ్లసందులను అందులకై అమ్ము దారముతోనో సన్నని బ్రష్షుతోనో శుభ్రపఱచవలెను. పిన్నీసు, చీపురుపుల్ల, అగ్గిపుల్ల నోట పెట్టరాదు.

(4) తినిన ప్రతిమాఱు నీటితో పుక్కిలింపవలెను. నోరు ఎండువారు మాటిమాటికి కొంచెము నీరు త్రాగవలెను. తీపి బిళ్లలు చప్పరింపరాదు.

(5) కట్టుడు పళ్లను రాత్రి తీసి, తోమి, నీటిలో నుంచవలెను.

(6) ఆఱు నెలలకొకమాఱు దంతవైద్యునకు చూపుకొనవలెను. చక్కెర వైద్యునకు చిగుళ్ల సంగతియు, దంతవైద్యునకు చక్కెర సంగతియు చెప్పవలెను. ఒకరు చెప్పినది రెండవవారికి తెలిసియుండునని తలపరాదు.

(7) మందు వాడువారికి చక్కెర ఒక్కొక్కప్పుడు తగ్గిపోయి చెమట, వణుకు, తల తిరుగుట కలుగును. అప్పుడు పళ్లు చెడునని సందేహింపక వెంటనే చక్కెరనీళ్లో, బెల్లమో, గ్లూకోజో ఇయ్యవలెను. తేఱుకొనిన పిమ్మట నోరు పుక్కిలించిన చాలును. స్మారకము లేనివారి నోట ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

(8) ముఖము వాచి జ్వరము వచ్చినను, నోరు తెఱచుట మ్రింగుట కష్టమైనను, తెల్లవాఱువఱకు ఆగరాదు. చక్కెర గలవారిలో అట్టి చీము వేగముగా వ్యాపించును.

చికిత్సకై దూరదేశములకు పోనక్కఱలేదు. ముప్పదియేండ్లు నిండినవారికి చక్కెర, రక్తపోటు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా చేయుదురు. మన గ్రామములకు వచ్చు ఆశా కార్యకర్తలు దారి చూపుదురు. కర్నూలులో ప్రభుత్వ సర్వజన వైద్యశాలయు, కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలయు కలవు. కర్నూలులో మఱియొక దంతవైద్య కళాశాల జి. పుల్లారెడ్డిగారి పేరిట నున్నది. నేతిమిఠాయిలచేత తెలుగుదేశమంతట పేరొందినవారి నామమే పళ్లను కాపాడు విద్యాలయమునకు నిలిచినది. తీపియు దంతమును ఒకరినొకరు విడిచియుండలేవని మనకు జ్ఞాపకము చేయుటకు ఇంతకంటె మంచి గుర్తు వేఱొకటి లేదు.

బాలబాలికలారా! మన ఓర్వకల్లు స్త్రీలు చిన్న చిన్న మొత్తములు కూడబెట్టి పొదుపు సంఘములచేత దేశమున పేరు తెచ్చికొనిరి. ఆరోగ్యమును అట్లే కూడబెట్టవలెను. దినమునకు నాలుగు నిమిషములు పెద్ద వెచ్చము కాదు. అది ముసలితనమున రొట్టె కొఱికి తినగల భాగ్యమై తిరిగివచ్చును. ఈ సెలవులలో మీ అవ్వను తాతను వెలుతురులో కూర్చుండబెట్టి, "అవ్వా, తోమునప్పుడు రక్తము వచ్చుచున్నదా? ఏ పన్నయినను కదలుచున్నదా? చక్కెర పరీక్ష యెప్పుడు చేయించితివి?" అని మర్యాదగా అడుగుడు. వారి జవాబులు వ్రాసికొని, అవసరమైనచో వైద్యునియొద్దకు తోడుగా పొండు. వారు మీ పాలపళ్లు లెక్కించి సంతోషించినవారు. వారి పళ్లు లెక్కించి కాపాడుట మీ వంతు.

అభ్యాసము

1. పుచ్చులేని పన్ను ఊడిపోవుటకు కారణమేమి?
2. పాచికిని గారకును భేదమేమి?
3. చక్కెర అధికమైనప్పుడు నోటికి కలుగు నాలుగు హానులను వ్రాయుము.
4. పళ్లు కదలిన ముసలివారి ఆహారము ఎట్లు మాఱును? దానివలన చక్కెర యేల పెరుగును?
5. తోమునప్పుడు రక్తము వచ్చినచో ఏమి చేయవలెను? ఏమి చేయరాదు?